బ్రాడ్‌కాస్ట్ వెళ్లినా యాప్ ఎందుకు లేవదు? ఆండ్రాయిడ్ ఆంక్షల వెనుక కథ

ఫోన్‌లో ఏదైనా సంగతి జరిగితే సిస్టమ్ యాప్‌లకు చాటి చెప్పే సందేశమే బ్రాడ్‌కాస్ట్. నెట్‌వర్క్ మారగానే ఏదో ఒక పని జరగాలని, ఆ సందేశాన్ని అందుకునే ఒక రిసీవర్ క్లాసు రాస్తారు. దాన్ని యాప్ వివరాలను సిస్టమ్‌కు చెప్పే మేనిఫెస్ట్ ఫైల్‌లో నమోదు చేస్తారు. యాప్ ఏ ఎర్రర్ లేకుండా బిల్డ్ అవుతుంది, ఇన్‌స్టాల్ కూడా అవుతుంది. తీరా వైఫై ఆపి మళ్లీ వేస్తే సందేశం రాగానే నడవాల్సిన ఆన్‌రిసీవ్ దాకా ఏదీ చేరదు. క్రాష్ ఉండదు, తెరమీద సందేశం ఉండదు. మహా అయితే సిస్టమ్ లాగ్‌లో ఎక్కడో ఒక హెచ్చరిక వాక్యం పడి ఉంటుంది. ఆండ్రాయిడ్ కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాళ్లు చూసి రాసిన పాఠం తప్పు కాదు, పాతది. ఒకప్పుడు ఆ కోడ్ అచ్చంగా అలాగే పనిచేసేది. అది పనిచేయకుండా పోవడానికి కారణాలు ఒక్కరోజులో పుట్టలేదు. ఒక్కో కారణం వెనుక ఎవరిదో అయిపోయిన బ్యాటరీ, నత్తనడకన నడిచిన ఫోన్, కొన్నిసార్లు దొంగలపాలైన ఓటీపీ ఉన్నాయి.

సిస్టమ్‌లో జరిగిన సంగతిని యాప్‌లన్నిటికీ చాటి చెప్పాలన్న ఆలోచన ఆండ్రాయిడ్ కంటే పాతది. తెరిచి ఉన్న పై స్థాయి విండోలన్నిటికీ ఒకేసారి సందేశం పంపే ఏర్పాటు విండోస్‌లో ముందునుంచీ ఉంది. కాకపోతే అక్కడ ఆ సందేశం వినేవి అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు. చేతిలో ఇమిడే పరికరాల సంగతి వేరు. పామ్ ఓఎస్‌లో తెరమీద ఒకసారికి ఒక్క అప్లికేషనే నడిచేది. గడియారంలో సమయం మార్చినా, పరికరం రీసెట్ అయినా, సిస్టమ్ ఒక్కో అప్లికేషన్‌నూ ప్రత్యేకమైన లాంచ్ కోడ్‌తో పిలిచి ఆ విషయం చెప్పేది. ఎవరికి అవసరమో, ఎవరికి కాదో చూడకుండా అందరినీ పిలవడమే ఆ పద్ధతి. తర్వాత 3.5 వెర్షన్‌లో నోటిఫికేషన్ మేనేజర్ తెచ్చి, ఏ సంగతి కావాలో ముందే నమోదు చేసుకున్న వాళ్లకే కబురు వెళ్లేలా మార్చారు. పామ్ ప్రపంచం నుంచి ఆండ్రాయిడ్ బృందంలోకి వచ్చిన ఇంజనీర్లు ఉన్నారు. బీ సంస్థలో, ఆ తర్వాత పామ్ ఓఎస్‌ను రూపొందించిన పామ్‌సోర్స్‌లో పనిచేసి ఆండ్రాయిడ్ ఫ్రేమ్‌వర్క్ రూపకల్పనలో ముఖ్యపాత్ర పోషించిన డయాన్ హాక్‌బోర్న్ వారిలో ఒకరు.

2007 నవంబర్‌లో గూగుల్ విడుదల చేసిన తొలి ప్రివ్యూ ఎస్‌డీకేలో (యాప్‌లు రాసేందుకు ఇచ్చే సాధనాల మూట) ఈ భాగం పేరు ఇంటెంట్ రిసీవర్. 2008 ఆగస్టులో వచ్చిన 0.9 బీటా నాటికి అది బ్రాడ్‌కాస్ట్ రిసీవర్ అయింది. ఆ ఏడాదే మార్కెట్లోకి వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1లో ఉన్న ర్యామ్ 192 ఎంబీ. ఈ అంకె గుర్తుంటేనే ఆ డిజైన్ ఎందుకలా ఉందో అర్థమవుతుంది. ప్రతి యాప్ ఏదో ఒక సంగతి కోసం కాచుకుని నేపథ్యంలో కూర్చుంటే అంత చిన్న మెమరీలో చోటు చాలదు. కాబట్టి యాప్ నడవనక్కర్లేదు. తనకు ఏ సంగతి కావాలో మేనిఫెస్ట్‌లో రాసిపెడితే చాలు. ఆ సంగతి జరిగినప్పుడు సిస్టమే ఆ యాప్‌కు ఒక ప్రాసెస్ (కోడ్ నడవడానికి మెమరీలో చోటు) సృష్టించి, ఆన్‌రిసీవ్‌ను నడిపిస్తుంది. ఆ పని యాప్ మెయిన్ థ్రెడ్ మీదే జరుగుతుంది, సాధారణంగా పది సెకన్లలోపు ముగించాలి. ముగిశాక ఆ ప్రాసెస్‌ను తీసేసినా నష్టం లేదు. మెమరీ పొదుపు కోసమే పుట్టిన ఏర్పాటు ఇది. నా దృష్టిలో ఆనాటి పరిస్థితికి అది చాలా తెలివైన పరిష్కారం.

ప్రమాదం ఎక్కడుందో రూపకర్తలకు తెలియదనుకోవడం తప్పు. నిమిషానికోసారి వెళ్లే టైమ్ టిక్, బ్యాటరీ శాతం మారినప్పుడల్లా వెళ్లే బ్యాటరీ ఛేంజ్డ్, తెర వెలిగినా ఆరినా వెళ్లే సందేశాలు తొలినాళ్ల నుంచే మేనిఫెస్ట్ రిసీవర్లకు అందవు. యాప్ నడుస్తూ ఉండి, కోడ్‌లో స్వయంగా నమోదు చేసుకుంటేనే అవి వస్తాయి. అంటే వినడం వేరు, నిద్రలేవడం వేరు అన్న గీత మొదటి నుంచీ ఉంది. దాన్ని తరచూ జరిగే కొద్ది సంగతుల చుట్టూ మాత్రమే గీశారు. ఆ తర్వాతి కథంతా ఈ గీత జరుగుతూ జరుగుతూ దాదాపు అన్ని సందేశాలనూ చుట్టేయడమే.

గీత అవతల మిగిలిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది కనెక్టివిటీ ఛేంజ్. నడిచే మనిషి జేబులోని ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు, అక్కడి నుంచి సిగ్నల్ లేని చోటికి, మళ్లీ వెనక్కి మారుతూనే ఉంటుంది. మారిన ప్రతిసారీ ఆ సందేశం కోరుకున్న యాప్‌లన్నీ ఒకదాని వెనుక ఒకటి లేస్తాయి. నలుగురికి అవసరమైన కబురుకు ఊరంతటినీ నిద్రలేపినట్టు ఉంటుంది పరిస్థితి. లేచిన యాప్‌లలో చాలావాటికి ఆ క్షణాన చేయాల్సిన పనేమీ ఉండదు. అయినా ప్రాసెస్ పుట్టాలి, మెమరీ కావాలి, దానికి చోటు చేయడానికి అంతకుముందు వాడుతూ పక్కన పెట్టిన యాప్‌ను సిస్టమ్ తీసేయాలి. మెసేజ్ సగం టైప్ చేసి కాసేపు వేరే యాప్‌కు వెళ్లొచ్చేసరికి ఆ యాప్ మొదటి నుంచి తెరుచుకోవడం వెనుక ఇలాంటి లేపుళ్లు కూడా ఒక కారణం.

ఇంకో రకం వాడకమూ పెరిగింది. కొన్ని యాప్‌లకు సంగతితో పనిలేదు, లేవడమే కావాలి. ఫోన్ ఆన్ అయినా, ఛార్జర్ పెట్టినా, వేరే యాప్ ఇన్‌స్టాల్ అయినా, దొరికిన ప్రతి సందేశానికీ పేరు నమోదు చేసుకునేవి. ఏదో ఒకటి లేపుతుంది, లేవగానే ఒక సర్వీస్ మొదలుపెట్టి నేపథ్యంలో పాతుకుపోవచ్చు. మెమరీ ఆదా చేయడానికి పెట్టిన తలుపు మెమరీలో తిష్ట వేయడానికి దారి అయింది. మొట్టమొదటి గట్టి ఆంక్ష పడింది ఈ వాడకం మీదే. 2011లో ఆండ్రాయిడ్ 3.1 స్టాప్డ్ స్టేట్ అనే స్థితిని తెచ్చింది. ఇన్‌స్టాల్ అయ్యాక వినియోగదారు ఒక్కసారైనా తెరవని యాప్‌కు, లేదా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోర్స్ స్టాప్ చేసిన యాప్‌కు, సిస్టమ్ బ్రాడ్‌కాస్ట్‌లు వెళ్లడం ఆగిపోయింది. మనిషి తాకని యాప్ తనంతట తాను లేవకూడదన్న ఈ నియమం ఈనాటికీ అలాగే ఉంది.

ఎస్‌ఎంఎస్ కథ ఇంతకంటే బరువైనది. కొత్త ఎస్‌ఎంఎస్ వచ్చిందన్న సందేశం ఆర్డర్డ్ బ్రాడ్‌కాస్ట్‌గా వెళ్లేది, అంటే రిసీవర్లకు వాటి ప్రయారిటీ వరుసలో ఒక్కొక్కటిగా అందేది. పై ప్రయారిటీ ఉన్న రిసీవర్ దాన్ని అబార్ట్ చేస్తే, అంటే అక్కడే ఆపేస్తే, మిగతా వాటికి ఆ సందేశం చేరదు. మామూలు మెసేజింగ్ యాప్‌కు బదులు వేరేది వాడుకునే స్వేచ్ఛ ఇవ్వాలన్నది ఉద్దేశం. మోసగాళ్లకు అది వరమైంది. ఎస్‌ఎంఎస్ అందుకునే అనుమతి సంపాదించిన యాప్ పెద్ద ప్రయారిటీ పెట్టుకుంటే బ్యాంకు పంపిన కోడ్‌ను మొదట తనే అందుకుని, దాన్ని బయటికి పంపి, ఆపై అబార్ట్ చేసేది. ఖాతాదారుడి ఇన్‌బాక్స్‌లో ఆ మెసేజ్ వచ్చిన ఆనవాలే ఉండదు. బ్యాంకు కోడ్‌లను దొంగిలించే జిట్‌మో అనే మాల్‌వేర్ 2010లో సింబియన్ ఫోన్లలో బయటపడి, 2011లో ఆండ్రాయిడ్ రూపంలోనూ కనిపించింది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 ఈ తలుపు మూసింది. వినియోగదారు ఎంచుకున్న ఒకే ఒక్క డిఫాల్ట్ ఎస్‌ఎంఎస్ యాప్‌కు విడిగా ఒక డెలివరీ సందేశం వెళ్తుంది, మెసేజ్‌లను భద్రపరిచే హక్కు దానిదే. మిగతా యాప్‌లు పాత సందేశాన్ని వినగలవు కానీ ఆపలేవు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే న్యాయంగా అనిపించే మార్పు ఇదే. ఎవరికీ అవసరమైన పని ఆగలేదు, దొంగకు దొరికిన దారి మాత్రం మూసుకుపోయింది.

రిసీవర్లలో భద్రతా లోపాల మీద అప్పటికే పరిశోధన జరుగుతోంది. 2011లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కామ్‌డ్రాయిడ్ అనే సాధనంతో 20 యాప్‌లను లోతుగా పరిశీలించి, దాడికి వీలిచ్చే 34 లోపాలు చూపించారు. 12 యాప్‌లలో కనీసం ఒక్కటైనా ఉంది. సిస్టమ్ సందేశం కోసం తెరిచి పెట్టిన రిసీవర్‌ను వేరే యాప్ నేరుగా పేరు పెట్టి పిలవగలదు. వచ్చిన ఇంటెంట్‌లోని (సందేశాన్ని మోసే మూట) యాక్షన్, అంటే ఏ సంగతో చెప్పే పేరు, ఏమిటో చూడకుండా పని మొదలుపెట్టే కోడ్, సిస్టమ్ పిలిచిందనుకుని ఎవరి మాటైనా వినేస్తుంది. ఇప్పటికీ ఆన్‌రిసీవ్‌లో మొదటి వరుస యాక్షన్‌ను సరిచూడాల్సిందే.

మెమరీ, బ్యాటరీల మీద పోరాటం వేరే దారిలో సాగింది. 512 ఎంబీ ర్యామ్ ఫోన్లలో కూడా 4.4 నడవాలని ప్రాజెక్ట్ స్వెల్ట్ మొదలైంది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 జాబ్ షెడ్యూలర్‌ను తెచ్చింది. నెట్‌వర్క్ వచ్చినప్పుడు లేపండి, నేనే చూసుకుంటానని యాప్ అనడం పాత పద్ధతి. ఈ పనికి నెట్‌వర్క్ కావాలి, ఎప్పుడు వీలైతే అప్పుడు చేయించండి అనడం కొత్త పద్ధతి. ఎప్పుడు లేపాలన్న నిర్ణయం యాప్ చేతిలోంచి సిస్టమ్ చేతికి మారింది. నలుగురి పనులను కలిపి ఒకేసారి చేయించే వీలు అప్పుడే వచ్చింది. మరుసటి ఏడాది 6.0లో డోజ్ వచ్చి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో ఇలాంటి పనులన్నిటినీ విడతలవారీగా చేయించింది.

ప్రత్యామ్నాయం సిద్ధమయ్యాక కోత మొదలైంది. 2016లో ఆండ్రాయిడ్ 7.0ను టార్గెట్ చేసిన, అంటే ఆ వెర్షన్ నియమాలకు తగ్గట్టు రాశామని ప్రకటించిన, యాప్‌ల మేనిఫెస్ట్ రిసీవర్లకు కనెక్టివిటీ ఛేంజ్ అందడం ఆగింది. కొత్త ఫొటో, కొత్త వీడియో అన్న రెండు సందేశాలను ఏ యాప్ పంపడానికీ, వినడానికీ వీల్లేకుండా పూర్తిగా తీసేశారు. కెమెరా బటన్ నొక్కిన ప్రతిసారీ గ్యాలరీ, బ్యాకప్, ఎడిటింగ్ యాప్‌లన్నీ లేచి, అదే క్షణంలో మెమరీ కావాల్సిన కెమెరాతో పోటీపడటం దానికి కారణం.

2017లో ఆండ్రాయిడ్ 8.0 అసలు మలుపు. ఒక యాప్‌ను ప్రత్యేకంగా ఉద్దేశించకుండా అందరికీ వెళ్లే ఇంప్లిసిట్ బ్రాడ్‌కాస్ట్‌లను మేనిఫెస్ట్ ద్వారా అందుకోవడం, కొన్ని మినహాయింపులు తప్ప, రద్దయింది. ఆ మినహాయింపుల జాబితాను ప్రతి డెవలపరూ ఒకసారి చదవాలి. ఎందుకంటే అందులో నియమం కంటే నియమం వెనుక ఆలోచన కనిపిస్తుంది. బూట్ కంప్లీటెడ్ మిగిలింది. ఫోన్ రీబూట్ అయితే అలారం మేనేజర్‌లో పెట్టినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, యాప్ లేచి వాటిని మళ్లీ పెట్టకపోతే రేపు ఉదయం మాత్ర వేసుకోమని గుర్తుచేసేవాళ్లుండరు. టైమ్ జోన్ మారడం, భాష మారడం మిగిలాయి, అవి అరుదుగా జరుగుతాయి కాబట్టి. ఛార్జర్ పెట్టడం, తీయడం మాత్రం జాబితాలో లేవు. ఆ షరతుతో పని కావాలంటే జాబ్ షెడ్యూలర్‌కు ఇచ్చే జాబ్‌కు ఛార్జింగ్ షరతు పెట్టుకోవాలి. యాప్ నడుస్తుండగా కోడ్‌లో నమోదు చేసుకునే రిసీవర్లను ఈ నిషేధం తాకలేదు. వినండి, కానీ అందుకోసం లేవకండి అని సిస్టమ్ స్పష్టంగా చెప్పినట్టయింది.

ఈ నిర్ణయం సరైనదేనని నమ్ముతాను. దాన్ని అమలు చేసిన తీరు మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఆంక్ష 8.0ను టార్గెట్ చేసిన యాప్‌లకే వర్తిస్తుంది కాబట్టి మొదట్లో చాలామంది టార్గెట్ పెంచకుండా ఊరుకున్నారు. 2018 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లు, నవంబర్ నుంచి అప్‌డేట్‌లు ఏపీఐ 26ను, అంటే 8.0ను, టార్గెట్ చేయాల్సిందేనని గూగుల్ ప్లే గడువు పెట్టాక ఆ దారీ మూసుకుంది. ఇలా షరతులతో పనులు చేయించడంలో పాత, కొత్త ఫోన్లన్నిటిలో ఒకేలా పనిచేసే వర్క్‌మేనేజర్ స్థిరమైన 1.0 వెర్షన్ వచ్చింది 2019 మార్చిలో. ఈ మధ్యకాలంలో జాబ్ ఇంటెంట్ సర్వీస్ లాంటి వారధుల మీద కోడ్ తిరగరాసుకున్నవాళ్లు, అదీ డెప్రికేట్ కావడంతో (ఇక వాడొద్దని ప్రకటించడంతో) మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. పెద్ద సంస్థలు ఈ ఖర్చు భరించగలవు. ఒంటరిగా ఒక చిన్న యాప్‌ను నడుపుతున్న మనిషికి అది నెలల పని.

ఐఓఎస్ డెవలపర్లకు ఈ చరిత్ర లేదు. సిస్టమ్ సంగతులకు నిద్రపోతున్న యాప్‌ను లేపే విశాలమైన సౌకర్యం అక్కడ మొదటి నుంచీ ఇవ్వలేదు. 2010లో ఐఓఎస్ 4 కూడా ఆడియో, లొకేషన్, ఇంటర్నెట్ కాల్స్ లాంటి కొన్ని నిర్దిష్ట రకాల నేపథ్య పనులనే అనుమతించింది.

8.0 తర్వాత దృష్టి లేపడం మీద నుంచి ఎవరు ఎవరితో మాట్లాడవచ్చు అన్నదాని మీదకు మళ్లింది. ఏ సందేశాలు కావాలో చెప్పే ఇంటెంట్ ఫిల్టర్ ఉన్న ప్రతి రిసీవర్‌కూ, బయటి యాప్‌లు దాన్ని పిలవవచ్చో లేదో చెప్పే ఎక్స్‌పోర్టెడ్ విలువ రాయాల్సిందేనని 2021లో ఆండ్రాయిడ్ 12 పట్టుబట్టింది. కోడ్‌లో నమోదు చేసే రిసీవర్లకూ అదే ప్రశ్న 13లో ఐచ్ఛికంగా వచ్చి, 2023లో 14ను టార్గెట్ చేసే యాప్‌లకు తప్పనిసరైంది. జవాబు ఇవ్వకపోతే సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తుంది. సిస్టమ్ సందేశాలు మాత్రమే వినే రిసీవర్లకు ఆ బాధ్యత లేదు. అదే 14లో ఇంకో మార్పు చడీచప్పుడు లేకుండా జరిగింది. యాప్ క్యాష్డ్ స్థితిలో, అంటే వాడకంలో లేకున్నా మెమరీలో మిగిలి, ఉంటే, కోడ్‌లో నమోదైన రిసీవర్లకు వెళ్లే సందేశాలను సిస్టమ్ వరుసలో ఆపి ఉంచి, యాప్ మళ్లీ చురుకైనప్పుడు ఇవ్వవచ్చు. సందేశం రాగానే చేతిగడియారం చూసుకున్నట్టు సమయాన్ని లెక్కగట్టే కోడ్‌కు ఇది దెబ్బ.

2024లో వచ్చిన 15, బూట్ కంప్లీటెడ్ అందుకున్న రిసీవర్ నుంచి డేటా సింక్, కెమెరా, మీడియా ప్లేబ్యాక్ లాంటి రకాల ఫోర్‌గ్రౌండ్ సర్వీసులు (నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే పనులు) మొదలుపెట్టకుండా ఆపింది. 2025లో 16, ఆర్డర్డ్ బ్రాడ్‌కాస్ట్‌లో ప్రయారిటీకి వేర్వేరు ప్రాసెస్‌ల మధ్య ఉన్న హామీని తొలగించింది. ఇప్పుడు ఆ వరుస ఒకే ప్రాసెస్‌లోని రిసీవర్ల మధ్య మాత్రమే చెల్లుతుంది. వీటికి తోడు కొన్ని తయారీ సంస్థల ఫోన్లలో ఆటోస్టార్ట్ అనుమతి విడిగా ఉంటుంది. అది లేకపోతే మినహాయింపు జాబితాలో ఉన్న బూట్ కంప్లీటెడ్ కూడా యాప్‌కు చేరకపోవచ్చు, అధికారిక డాక్యుమెంట్లు చదివి రాసిన కోడ్ ఆ ఫోన్లలో మౌనంగా ఉండిపోతుంది. అలారం, మందుల రిమైండర్ లాంటి యాప్‌లు రాసేవాళ్లు ఆ అనుమతి ఎక్కడుందో వినియోగదారుకు యాప్ లోపలే చూపించక తప్పడం లేదు.