వెలుగు సోకితే విడిపోయే బంధం

పారాసిటమాల్ అణువులో బెంజీన్ వలయాన్ని పట్టుకుని ఒక నత్రజని పరమాణువు ఉంటుంది. మందుల అణువుల్లో ఈ కార్బన్–నత్రజని జోడీ అడుగడుగునా ఎదురవుతుంది. కానీ ఆ రెండింటినీ కోరిన చోట కలపడం ఏనాడూ సులువు కాలేదు. బిస్మత్ అనే బరువైన మూలకం వెలుగు సాయంతో ఆ పనికి ఎలా పనికొస్తుందన్నదే ఇక్కడి కథ. 1903లో రసాయన శాస్త్రవేత్త ఉల్మన్ రాగితో, విపరీతమైన వేడిలో సాధించాడు. 1990లలో బుక్‌వాల్డ్, హార్ట్‌విగ్ పల్లేడియంతో దారి సుగమం చేశారు. తర్వాత రుథీనియం, ఇరిడియం వెలుగును వాడుకుని ఇలాంటి పనులకు దిగాయి.

ఇవన్నీ ఆవర్తన పట్టిక నడిమి భాగంలోని పరివర్తన లోహాలే. ఎలక్ట్రాన్లు ఇచ్చి, మళ్లీ తీసుకుని, మొదటి స్థితికి రావడం వాటికి అలవాటు. పట్టికకు రెండు పక్కలా ఉండే ప్రధాన సమూహ మూలకాలు అలా కావు. ఫాస్ఫరస్ ఒకసారి ఆక్సిజన్‌ను పట్టుకుందంటే వదలదు. 2018లో అమెరికాలోని రాడోసెవిచ్ బృందం నాలుగు పరమాణువుల ఇరుకు వలయంలో ఫాస్ఫరస్‌ను బిగించి, సిలేన్ అనే సిలికాన్–హైడ్రోజన్ సమ్మేళనంతో ఆ ఆక్సిజన్‌ను లాగించి, నైట్రో సమ్మేళనాల నుంచి కార్బన్–నత్రజని బంధాలు కట్టింది. అక్కడ పని చేసింది వేడే; వెలుగు కాదు.

అదే నిలువు వరుసలో అడుగున ఉన్న బిస్మత్ తీరు వేరు. దాని పరమాణు సంఖ్య 83. ఇంత బరువైన పరమాణువు చిన్న కార్బన్‌తో గట్టిగా ముడిపడలేదు. ఆ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 200 కిలోజౌళ్లు చాలు. 450 నానోమీటర్ల నీలి కాంతిలో మోల్‌కు 266 కిలోజౌళ్లు ఉంటాయి. అణువు ఆ కాంతిని పీల్చుకుని, ఆ శక్తి బంధం దాకా చేరితే ముడి విడిపోతుంది. విడివడిన కార్బన్ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ మిగిలిన ముక్క, దగ్గర్లోని నత్రజనితో జత కట్టవచ్చు. చాలాకాలం లోపంగా చూసిన బలహీనతే ఇక్కడ పనిముట్టు.

జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కార్నెయా బృందం 2023లో మరో మెట్టు ఎక్కింది. +1 ఆక్సీకరణ స్థితిలోని (మామూలు +3 కన్నా రెండు ఎలక్ట్రాన్లు ఎక్కువున్న) బిస్మత్ ఎరుపు కాంతిని పీల్చుకుని, బెంజీన్ వలయానికి అంటుకున్న అయోడిన్ బంధంలోకి చొరబడుతుందని చూపింది. నీలి కాంతి కన్నా తక్కువ శక్తి ఉన్న ఎరుపుతో ఇది జరగడం నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది.

బిస్మత్ చవక అని ఊరికే పొగడడం మాత్రం సగం మాటే. దాన్ని పట్టి ఉంచే అణువును, అంటే లైగాండ్‌ను తయారుచేయడమే శ్రమ, ఖర్చు. పైగా తేల్చుకోవలసిన చిక్కు ఒకటుంది: బిస్మత్ ప్రతిసారీ మొదటి స్థితికి తిరిగొచ్చి చక్రం పూర్తి చేస్తోందా, లేక నిప్పు రాజేసి తప్పుకుంటోందా? పీల్చుకున్న ఒక్కో ఫోటాన్‌కు (కాంతి రేణువుకు) ఎన్ని ఉత్పన్న అణువులు వచ్చాయో లెక్కించాలి. ఆ సంఖ్య ఒకటి దాటితే, ఒక రాడికల్ మరో రాడికల్‌ను పుట్టించే గొలుసు తనంతట తానే సాగిపోతోందన్నమాట.