అతికిన మోకాలిని మళ్లీ మడిస్తే: మోకాలి మార్పిడి ఫలితాల వెనక కథ

క్షయ పట్టిన మోకాలిని కోసి, చెడిన భాగం తీసేసి, తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కలిపి అతికించేయడం ఒకప్పుడు మంచి వైద్యం. నొప్పి పోయేది, చీము ఆగేది, మనిషి తన కాళ్ల మీద తాను నడిచేవాడు. 1870ల చివర్లో ఆస్ట్రియా సర్జన్ ఎడ్వర్డ్ ఆల్బర్ట్ పట్టు లేని కాళ్లను నిలబెట్టడానికి ఈ పద్ధతి మొదలుపెట్టాడు. 1948లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ దీన్ని ఖాయం చేశాడు. మోకాలికి పైన ఒక కడ్డీ, కింద ఒక కడ్డీ అడ్డంగా దూర్చి, రెండు పక్కలా మరలు బిగించి ఎముకలను ఒకదానికొకటి నొక్కి ఉంచితే అవి వారాల్లోనే అతుక్కున్నాయి.

మోకాలి మార్పిడి కూడా ఈ జబ్బు దగ్గరే మొదలైంది. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ క్షయతో చెడిన మోకాలిలో ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. మొదట బాగానే పనిచేసినా, లోపల క్షయ అలాగే ఉండడంతో చీము పట్టింది. క్షయను తగ్గించే మందు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. ఇప్పుడు వాడే తరహా కీళ్లు వచ్చింది 1970లలో. అతికించిన మోకాలిని విప్పి కీలు పెట్టవచ్చా అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా లేచింది.

విప్పమని అడిగేది చాలాసార్లు మోకాలి నొప్పితో కాదు. కాలు ఏళ్ల తరబడి కర్రలా ఉండేసరికి నడుమూ తుంటీ రెండో మోకాలూ అరుగుతాయి. బస్సులో సీటు ముందు కాలు పట్టదు. వీళ్లలో చిన్నప్పటి క్షయ, కీలులో చీము పట్టడం, కీళ్లవాతం, ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నూ కీళ్లూ బిగుసుకుపోయే వాతజబ్బు) వల్ల దానంతటదే బిగిసిన మోకాళ్లు కొన్ని, సర్జన్ అతికించినవి కొన్ని. ఈ తేడా ముఖ్యం. జబ్బుతో బిగిసినప్పుడు చిప్ప, ఎముకలను పక్కల నుంచి పట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) ఎంతో కొంత మిగులుతాయి. సర్జన్ అతికించినప్పుడు ఒక్కోసారి చిప్పను కూడా ఎముక అతుకుగా వాడేసి ఉంటారు.

ఫలితాన్ని తేల్చేది ఇంప్లాంటు కన్నా తొడ ముందు కండరం, మోకాలి మీది చర్మం. అరచెయ్యి తొడ మీద ఉంచి, కాలు బిగించమంటే చేతి కింద కండరం గట్టిపడాలి. గట్టిపడకపోతే ఎంత ఖరీదైన కీలు పెట్టినా ఆ కాలు తనంతట తాను లేవదు. క్షయ చరిత్ర ఉంటే లోపల వాపు, ఇన్‌ఫెక్షన్ జాడ చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ చూసి, అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షించాలి.

ఆపరేషన్‌లో మొదటి చిక్కు కీలు ఎక్కడుందో తెలియకపోవడం. గీత చెరిగిపోయి ఉంటుంది కాబట్టి, కింది కాలిలో బయటి పక్కనున్న సన్న ఎముక (ఫిబ్యులా) తల కొనకు సుమారు 1 సెంటీమీటరు పైన గుర్తు పెట్టుకుంటారు. చిప్పను ఉలితో తొడ ఎముక నుంచి విడదీస్తారు. అప్పటికీ పక్కకు జరగకపోతే కండరాన్ని పైన వాలుగా కోయాలి, లేదా చిప్పను కింది కాలి ఎముకకు కట్టే పట్టీ (టెండన్) అంటుకునే ఎముక గుబ్బను ముక్కగా లేపాలి. బలవంతంగా వంచితే ఆ టెండన్ ఊడొస్తుంది, దాన్ని తిరిగి కుట్టి నిలబెట్టడం బహు కష్టం. ముందు వైపు రంపంతో కోసి, వెనక అంచును మాత్రం ఉలితో నిదానంగా విడగొడతారు. వెనకే పెద్ద రక్తనాళం ఉంటుంది. లిగమెంట్లు నిలవకపోతే పక్కలకు ఒరగకుండా పట్టే కీలు గానీ, తలుపు బందులా రెండు భాగాలనూ కలిపి పట్టే, తిరిగే హింజ్ కీలు గానీ తప్పదు.

కుట్లు వేశాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఏళ్లుగా చాచి ఉన్న కాలి మీద చర్మానికి సాగుడు ఉండదు. వంచగానే పాత మచ్చల దగ్గర నల్లబడుతుంది. అందుకే కొందరు సర్జన్లు ముందే చర్మం కింద బుడగ పెట్టి వారాల పాటు సాగదీస్తారు. మొదటి రోజుల్లో వంచే వ్యాయామం కూడా గాయం చూసుకుంటూనే.

2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటి దాకా వచ్చిన ఆరు అధ్యయనాల నుంచి ఇలా విప్పి కీలు పెట్టిన 123 మోకాళ్ల లెక్క ఒకచోట చేర్చారు. 90 డిగ్రీల వంపు అందరికీ రాలేదు. ఏదో ఒక చిక్కు వచ్చింది సుమారు మూడింట రెండు వంతుల మందికి. చర్మం చచ్చిపోవడం పావు వంతు, ఇన్‌ఫెక్షన్ పదింట ఒకరికి. ఇంత చేసినా నేల మీద బాసింపట్టు ఉండదు, ఇండియన్ టాయిలెట్ కుదరదు. కాలు పూర్తిగా చాపలేక కొన్ని డిగ్రీలు కిందికి వాలే మెతకదనం నెలల తరబడి ఉండవచ్చు. కుర్చీలో మామూలుగా కూర్చోవడం, నడుముకు కొంత ఊరట, కాలు కాస్త పొడవు పెరగడం మాత్రం నిజమైన లాభాలే.

విఫలమైతే ఏమవుతుందో సంతకానికి ముందే చెప్పాలి. కీలు తీసేసి, తొడ నుంచి చీలమండ దాకా పొడుగు రాడ్డు వేసి మళ్లీ అతికించాల్సి రావచ్చు. కోసేసిన ఎముక తిరిగి రాదు కాబట్టి కాలు ముందుకన్నా పొట్టిదవుతుంది, ఈసారి అతుకు కూడా అంత తేలిగ్గా పడదు. ఇన్‌ఫెక్షన్ లొంగకపోతే మోకాలి పైనే కాలు తీసేయాల్సిన పరిస్థితీ వస్తుంది.