పాయింట్లు తీసేస్తే నిప్పు ఎవరు పెడతారు?

గోపాల్‌పూర్,
జూన్ 20

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మమ్మ మోకాళ్లు మాత్రం మబ్బు పట్టకముందే మూలగడం మొదలుపెట్టాయి.

బుజ్జీ, మొన్న ఫోనులో నువ్వు ఒక ప్రశ్న అడిగావు. “మామయ్య పడవ మోటారులో పాయింట్లు పీకేశావు కదా తాతయ్యా, మరి ఇప్పుడు నిప్పు ఎవరు పెడుతున్నారు?” అన్నావు. నేను గొంతు సవరించుకునేలోగా ఫోను మీ అమ్మ లాక్కుంది. అయినా ఇది ఫోనులో తేలే మాట కాదు, అందుకే ఉత్తరం.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుందని మీకు తెలుసు. ఆ రెండు నెలలూ మామయ్య మోటారు పాకలో గోనెపట్టా కప్పుకుని పడుకుంది. సెలవుల్లో మీరుండగా తాడు ఎన్నిసార్లు లాగినా దగ్గింది తప్ప అందుకోలేదు. అప్పుడు పైనున్న చక్రం ఊడదీసి మీకు రెండు చిన్న లోహపు బొట్లు చూపించాను, గుర్తుందా? శనగబద్దంత ఉన్నాయి, నల్లగా, మధ్యలో చిన్న గుంటతో. అవే పాయింట్లు. సముద్రపు ఉప్పుగాలికి వాటి మీద పొర కడుతుంది. కంటికి కనిపించీ కనిపించనంత పొర చాలు, మోటారు మూగబోతుంది.

అవి చేసే పని చెప్పాలంటే మిమ్మల్ని బస్సెక్కించాలి. నాకు పన్నెండేళ్లప్పుడు బరంపురంలో ఒక మోటారు షెడ్డులో పనికి కుదిరాను. ఇక్కడి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ని. ఒకరోజు నిలబడే చోటు కూడా లేదు. దారిలో ఆవు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది, మేం ఆగలేదు. అప్పడాల బుట్టతో సహా నేను వెళ్లి కండక్టరు పొట్ట మీద పడ్డాను. ఆయన పొట్ట మెత్తన కాబట్టి ముందు అద్దం బతికింది. అప్పడాలు బతకలేదు.

మోటారులో జరిగేదీ ఇదే. చక్రం లోపల అయస్కాంతాలు ఉంటాయి. మా షెడ్డులో ఆ చక్రాన్నే మ్యాగ్నెట్ అనేవాళ్లం. అది తిరుగుతుంటే కింద ఉన్న రాగితీగ చుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు పుడుతుంది. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడు. ఆయన దగ్గర పడవ మోటారు లేదు పాపం. ఆ కరెంటు బస్సులోని జనం. రెండు పాయింట్లు తాకి ఉన్నంతసేపు బస్సు నడుస్తుంది. విడిపోయిన క్షణం బ్రేకు. పరుగెత్తే కరెంటును ఒక్కసారిగా ఆపితే అది ఊరుకోదు, ముందుకు తూలుతుంది. ఆ తూలుడు వేల వోల్టులై, ఇంజనులో పెట్రోలును అంటించే ప్లగ్ మొనల మధ్య సందును దూకుతుంది. అదే నిప్పు. పాయింట్ల పక్కనే డబ్బాలాంటిది ఒకటి చూశారు, కండెన్సర్. అదే కండక్టరు పొట్ట. అది లేకపోతే నిప్పు ప్లగ్ దాకా పోకుండా పాయింట్ల దగ్గరే చిటపటమని వాటిని తినేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మోటారు నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతుందనుకోండి. చుట్టుకు ఒక బ్రేకు. అంటే సెకనుకు 75 సార్లు. ఏ బ్రేకు మాత్రం అరగదు? విడిపోయినప్పుడు వాటి మధ్య సందు సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. అరిగేకొద్దీ అది మారుతుంది, దాంతో నిప్పు పడే వేళ తప్పుతుంది. అందుకే ఏళ్ల తరబడి ప్రతి సీజనుకూ సన్నని ఉప్పుకాగితంతో రుద్దడం, గేజి పెట్టి కొలవడం, చివర్లో శుభ్రమైన కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగి పొడి తుడవడం. ఆ కాగితం మీద చివరికి మచ్చ పడకపోతే మా మేస్త్రి తల ఊపేవాడు. అంతకు మించి మెచ్చుకోలు ఆయన దగ్గర దొరికేది కాదు.

ఈసారి వాటి బదులు అగ్గిపెట్టె కన్నా చిన్న నల్ల పెట్టె బిగించాను. దానిలో ట్రాన్సిస్టర్, అంటే కదిలే ముక్కల్లేని కరెంటు స్విచ్చు, ఉంటుంది. కాయిల్ అదే, మ్యాగ్నెట్ అదే. కాయిల్‌లో కరెంటు ఎప్పుడు ఉప్పొంగుతుందో ఆ పెట్టె కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణాన దారి మూసేస్తుంది. ఏదీ దేన్నీ తాకదు, ఏదీ అరగదు. డ్రైవరు కాలు పెట్టకుండా బస్సే తన వేగం చూసుకుని ఆగినట్టు. అలాంటి బస్సు బరంపురం రూటులో నేను చూడలేదు కాబట్టి పోలిక ఇక్కడ కుంటుతోంది, ఒప్పుకుంటున్నాను. సీడీఐ అని ఇంకో రకం ఉంది. దాని తీరే వేరు. సుమారు మూడు వందల వోల్టులు కండెన్సర్‌లో నింపి, అదను చూసి ఒక్కసారి కుమ్మరిస్తుంది. దానికి బస్సు పనికిరాదు, నీళ్ల బిందె కావాలి. అది ఇంకోసారి.

పెట్టె బిగించడం పది నిమిషాల పని. దాని దాకా చేరడానికే పూట పట్టింది. మ్యాగ్నెట్‌ను పుల్లర్ అనే లాగుడు పనిముట్టు పెట్టి ఓపికగా లాగాలి. పదిహేనేళ్ల వయసులో నేను తొందరపడి సుత్తితో కొట్టాను. ఇరుసు చివర మర చెడి నెల జీతం పోయింది. సుత్తి చేతిలో ఉన్నప్పుడే బుద్ధి కూడా దగ్గర ఉండాలి పిల్లలూ. ఆ తర్వాత ఎర్తు తీగ. బిగించే చోట రంగు గీకి ఇనుము మెరిసేదాకా శుభ్రం చేయాలి. మామయ్య రంగు మీదే బిగించి, పెట్టె చెడ్డదని దుకాణాన్ని తిట్టాడు. కాయిల్ పగిలి ఉంటే మాత్రం ఏ పెట్టే కాపాడదు. మన రెండు కాయిళ్లలో ఒకటి నెర్రె విచ్చింది, అదీ మార్చాం.

జూన్ 15 తెల్లవారుజామున రెండో లాగుకే అందుకుంది. మొదటి లాగు మామయ్య బద్ధకంగా లాగాడు. పాయింట్లు మెల్లగా లాగినా ఎంతోకొంత నిప్పు ఇచ్చేవి. ఈ పెట్టెకు అది చాలదు, ఒక వేగం అందితేనే మేలుకుంటుంది.

ఇంతా చెప్పి ఒక మాట దాచను. పాయింట్లు నడిసముద్రంలో మొరాయిస్తే గోరు రుద్దుకునే ఆకురాయితోనైనా గీకి ఇంటికి రావచ్చు. పెట్టె పోతే పోయినట్టే, గీకడానికి ఏమీ ఉండదు. అందుకే పాత పాయింట్లు, కండెన్సర్, గేజి ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ మైనం రాసి పడవలో పెట్టించాను. మామయ్య నవ్వాడు. నవ్వనీ.

చిన్నీ, నువ్వు అడిగావు, ఆ నిప్పు ఏ రంగు అని. అది నేను చెప్పను. దసరాకు వస్తారుగా. చీకటి పడ్డాక పాకలో దీపం ఆర్పుదాం. పెట్రోలు డబ్బా దూరంగా, ఇసుకలో పెడదాం. ప్లగ్ ఊడదీసి, దాని తీగ తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి కదలకుండా కట్టి పెడతాను. మామయ్య తాడు లాగుతాడు. మీరిద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పన్నెండో ఏట నేను ఆ తీగ పట్టుకుంటే మోచేతి దాకా జెర్రి పాకింది. రెప్ప వేయకండి, అది ఉండేది రెప్పపాటు కూడా కాదు.

మీ
తాతయ్య