మచ్చ కింద మరో మచ్చ

1740లో జార్జ్ ఆన్సన్ అనే ఇంగ్లండ్ నౌకాధికారి ఓడలు తీసుకుని సుదీర్ఘ యాత్రకు బయల్దేరాడు. దారిలో సిబ్బందిని విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ జబ్బు పట్టుకుంది. వాళ్లలో ఒక ముసలి నావికుడున్నాడు. అంతకు యాభై ఏళ్ల ముందు, 1690లో, ఐర్లండ్‌లో బాయిన్ నది దగ్గర జరిగిన యుద్ధంలో అతనికి గాయాలయ్యాయి. అవి ఎప్పుడో మానిపోయాయి. స్కర్వీ ముదిరాక ఆ పాత గాయాలు అసలెప్పుడూ మాననట్టే మళ్లీ విచ్చుకున్నాయి.

మచ్చ కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతో అల్లుకున్న కణజాలం. ఆ పోగులు పాతబడి విరిగిపోతుంటాయి, ఒళ్లు కొత్తవి అల్లుతుంటుంది. గట్టి కొల్లాజెన్ తయారు కావాలంటే విటమిన్ సి ఉండాలి. అది లేకపోయేసరికి అల్లిక ఆగింది, విరగడం మాత్రం ఆగలేదు. అంటే యాభై ఏళ్ల మచ్చలో కూడా పని నడుస్తూనే ఉంటుందన్నమాట.

రొమ్ము ఇంప్లాంట్లు, అంటే రొమ్ములో అమర్చే కృత్రిమ సంచులు, మార్పించుకోబోయే వాళ్లకు ముందుగా ఈ సంగతే చెప్పాలనిపిస్తుంది. వాళ్ల ఆపరేషన్ మొదలయ్యేదే పాత మచ్చ దగ్గర.

సిలికాన్ ఇంప్లాంట్‌ను మొదటిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే సర్జన్లు అమర్చారు. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు. రొమ్ము పరిమాణం పెంచుకోవడానికి వీటిని పెట్టించుకున్న వాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి 8 నుంచి 10 ఏళ్లలోపు తీయాల్సి వస్తోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో చెప్పింది. పైపొర చిరగడం, చుట్టూ గట్టిపడటం, ఉన్నచోటు నుంచి జారడం ముఖ్యమైన కారణాలు. సైజు మార్చుకోవాలనుకునే వాళ్లూ ఉంటారు.

అందరికీ కనిపించే మచ్చ చర్మం మీద ఉంటుంది. అది సాధారణంగా రొమ్ము కింది మడతలోనో, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచునో, చంకలోనో ఉంటుంది. లోపల కనపడని మచ్చ ఇంకొకటి ఉంటుంది. బయటి వస్తువు ఒకటి లోపలికి వచ్చి, దాన్ని కరిగించడమూ బయటికి నెట్టడమూ సాధ్యం కానప్పుడు ఒళ్లు దాని చుట్టూ కొల్లాజెన్‌తో గోడ కట్టేస్తుంది. దాన్నే క్యాప్సూల్ అంటారు. గుండెకు పెట్టే పేస్‌మేకర్ చుట్టూ కూడా ఇలాంటి పొరే ఏర్పడుతుంది. ఇంప్లాంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది ఉంటుంది కాబట్టి, ఉందని తెలిసి టెన్షన్ పడాల్సిన పని లేదు. చాలామందిలో పలుచగా, మెత్తగా ఉండిపోతుంది.

కొందరిలో మాత్రం అది మందమై బిగుసుకుంటుంది. గాయం అంచుల్ని దగ్గరికి లాగే మయోఫైబ్రోబ్లాస్టులనే కణాలు మన ఒంట్లో ఉన్నాయి. గబ్బియానీ అనే శాస్త్రవేత్త బృందం 1971లో వీటి గురించి వివరించింది. కండరంలా ముడుచుకోగలగడం వీటి ప్రత్యేకత. చర్మం మీద తెగినచోట ఆ లాగుడు మేలు చేస్తుంది. అదే లాగుడు గుండ్రటి గోడంతటా జరిగితే లోపలి ఇంప్లాంట్‌ను పిడికిట్లో పట్టుకున్నట్టు నొక్కేస్తుంది. రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, ముదిరితే నొప్పి పెడుతుంది. ఇంప్లాంట్ మీద పల్చటి జిగురుపొరలా స్థిరపడే బ్యాక్టీరియా, చుట్టూ చేరిన నెత్తురు, రేడియేషన్ చికిత్స దీన్ని పెంచే వాటిలో ఉన్నాయి.

మార్పిడి ఆపరేషన్‌లో చాలాసార్లు పాత మచ్చ మీదుగానే కోస్తారు. పాత మచ్చను సన్నగా చెక్కి తీసేసి తాజా అంచుల్ని కలిపి కుడితే బాగా అతుకుతుంది. పైకి మచ్చ ఒక్కటే ఉంటుంది, కానీ దాని వయసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. లోపల ఏం చేస్తారన్నది క్యాప్సూల్‌ను బట్టి ఉంటుంది. మెత్తగా ఉంటే దాన్ని వదిలేసి ఇంప్లాంట్ ఒక్కటే మారుస్తారు, లేదా అక్కడక్కడా గాట్లు పెట్టి వదులు చేస్తారు. గట్టిపడితే కొంత భాగమో, మొత్తమో తీస్తారు.

క్యాప్సూల్ మొత్తం తీసేస్తేనే మంచిదని గట్టిగా నమ్మే వాళ్లున్నారు. అన్నిసార్లూ అది నిజం కాదు. వెనకవైపు పొర పక్కటెముకలకు అతుక్కుని ఉండొచ్చు, వాటి వెనకే ఊపిరితిత్తి. బలవంతంగా ఒలిస్తే ప్రమాదం. పైగా తీసిన మేరా లోపల పచ్చిపుండులా మిగులుతుంది. అక్కడ నీరు చేరుతుంది, అందుకే కొన్ని రోజులు డ్రెయిన్ గొట్టం పెట్టాల్సి రావచ్చు. గరుకు పైపొర ఇంప్లాంట్లతో అరుదుగా వచ్చే లింఫోమా క్యాన్సర్ సంగతి వేరు, అప్పుడు మొత్తం తీయాల్సిందే.

"రెండోసారే కదా, తేలిగ్గా అయిపోతుంది" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. ఇంప్లాంట్ మాత్రమే మార్చిన వాళ్లు త్వరగానే తేరుకోవచ్చు. క్యాప్సూల్ తీయించుకున్న వాళ్లకు మొదటిసారి కన్నా ఎక్కువ వాపు, నొప్పి ఉండొచ్చు. ఇద్దరి అనుభవాలనూ ఒకే గాటన కట్టకూడదు.

మానడం ఎలా సాగుతుందంటే, మొదటి రోజుల్లో నెత్తురు గడ్డకట్టి, వాపు వచ్చి, తెల్ల రక్తకణాలు చోటంతా శుభ్రం చేస్తాయి. తర్వాత రెండు మూడు వారాల్లో ఒళ్లు హడావిడిగా కొల్లాజెన్ పోస్తుంది. అది నాజూకైన మూడో రకం. ఆ తర్వాత దాన్ని తీసేసి గట్టిదైన ఒకటో రకం పేర్చడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మూడో వారానికి పైన చర్మం చక్కగా అతుక్కున్నట్టే ఉంటుంది, కానీ మామూలు చర్మానికున్న బలంలో మూడో వంతు కూడా ఉండదు. బరువులెత్తొద్దని డాక్టర్ చెప్పేది అందుకే. మూడు నెలలకు దాదాపు 80 శాతం బలం వస్తుంది, అంతకు మించి ఎప్పటికీ పెద్దగా రాదు.

చూడటానికి మాత్రం మచ్చ ముందు పాడయ్యి, తర్వాత బాగుపడుతుంది. మొదటి వారాల్లో సన్నటి గీతలా ఉన్నది రెండో మూడో నెలకు ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో ఉబ్బి, దురద పెడుతుంది. ఆపరేషన్ చెడిపోయిందని చాలామంది ఏడ్చేది ఈ దశలోనే. అది కొత్త రక్తనాళాలూ కొల్లాజెన్ నిండుగా ఉన్న కాలం. నెలలు గడిచేకొద్దీ నాళాలు తగ్గి మచ్చ పాలిపోతుంది. మధ్యమధ్యలో కరెంటు తగిలినట్టు చురుక్కుమనడం కూడా మామూలే, తెగిన నరాలు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంటాయి.

మచ్చ వెడల్పు కావడానికి పెద్ద కారణం లాగుడు. ఇంప్లాంట్ ఎంత బరువైతే కుట్ల మీద అంత భారం పడుతుంది, రెండోసారికి పైన ఉన్న కణజాలం పలుచబడి కూడా ఉండొచ్చు. ఇంకా పెద్ద సైజు కావాలనుకునే వాళ్లు ఈ ఒక్కటీ నిదానంగా ఆలోచించుకోవాలని నా విన్నపం. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ షీట్ రోజుకు 12 గంటలకు తగ్గకుండా రెండు మూడు నెలలు అతికిస్తే తేమ ఆరిపోకుండా ఉండి మచ్చ మెత్తబడుతుంది. ఎండ తగిలితే రంగు ముదురుతుంది. పొగ తాగితే సన్నటి రక్తనాళాలు ముడుచుకుని గాయానికి ఆక్సిజన్ అందదు, అందుకే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కొన్ని వారాలు మానమంటారు. మచ్చ గాయం హద్దు దాటి పెరిగే కీలాయిడ్ మీకు గానీ మీ ఇంట్లో వాళ్లకు గానీ ఉంటే, కోత పెట్టకముందే సర్జన్‌కు చెప్పండి.

ఒకవైపే ఉన్నట్టుండి ఉబ్బినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా ఆ రోజే డాక్టర్‌ను కలవాలి. ఇవేమీ లేకుండా మచ్చ అందంగా లేదనిపిస్తే, నెలకొకసారి ఒకే వెలుతురులో, అంతే దూరం నుంచి ఒక ఫొటో తీసిపెట్టుకోండి. రోజూ చూసే అద్దంలో తెలియని మార్పు ఆ ఫొటోలను వరసగా పెట్టి చూస్తే తెలుస్తుంది. మచ్చను మళ్లీ సరిచేయాలా అన్న మాట సర్జన్లు సాధారణంగా ఏడాది దాటాకే ఎత్తుతారు. అప్పుడు సర్జన్ ముందు పెట్టడానికి మీ దగ్గర పన్నెండు ఫొటోలుంటాయి.