పెట్రోలు ట్యాంకు పక్కన ఏం పెడుతున్నారు? చిన్న తెరచాప పడవల్లో అపోహలు - వాస్తవాలు

చెన్నై హార్బరులో కనిపించే చిన్న తెరచాప పడవల్లో చాలావాటికి ఇంజను అంటే వెనక తగిలించిన ఔట్‌బోర్డే. దానికి 12 లీటర్లదో 25 లీటర్లదో ఒక ట్యాంకు. గాలి పడిపోయినప్పుడూ, హార్బరు లోపలికి వచ్చేటప్పుడూ తప్ప దాంతో పని పడదు. పని తక్కువ కాబట్టి చూపూ తక్కువే. తడి తాళ్లు, రంగు డబ్బాలు, గుడ్డ పీలికలు, చిన్న గ్యాసు స్టవ్వు, అన్నీ మెల్లగా దాని పక్కకే చేరతాయి. ట్యాంకు కన్నా ఈ చుట్టుపక్కల సంసారమే ఎక్కువ భయపెట్టాలి.

అపోహ: మూత బిగించి లాకరులో, అంటే పడవలో సామాను పెట్టే అరలో పెట్టి గడియ వేశాం, ఇంకేం కాదు.

వాస్తవం: మూసిన లాకరే అసలు ఇబ్బంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నీళ్లలాగా పల్లం వెతుక్కుంటుంది. హోసు జాయింటు దగ్గర, చేత్తో నొక్కి పెట్రోలును ఇంజనుకు పంపే ప్రైమర్ బల్బు దగ్గర, మూతకు గాలి కోసం పెట్టిన వెంట్ స్క్రూ దగ్గర కొద్దికొద్దిగా కారినా చాలు. టీ గ్లాసుడు పెట్రోలు, అంటే 100 మిల్లీలీటర్లు, పూర్తిగా ఆవిరైతే సుమారు 20 లీటర్ల ఆవిరి వస్తుంది. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అది అంటుకుంటుంది. 300 లీటర్ల లాకరులో ఆ 20 లీటర్లు కలిస్తే లెక్క ఏడు శాతానికి కాస్త ఇటు. సరిగ్గా నిప్పురవ్వ కోసం కాచుకున్న స్థితి.

మీ లాకరు సంగతి తేలాలంటే ట్యాంకు బయటికి తీసి, ఖాళీ లాకరులో అర బకెట్ నీళ్లు పోయండి. నీళ్లు అడుగున ఉన్న రంధ్రం గుండా నేరుగా పడవ బయటికి పోతే మంచిదే. క్యాబిన్ చెక్కల కిందికో, బ్యాటరీ ఉన్న బిల్జిలోకో (పడవ అట్టడుగున నీళ్లు చేరే పల్లం) పోతే ఆవిరి పోయే దారీ అదే. వైర్ల కోసం కొట్టిన రంధ్రాలు, పక్క గోడ కింద వదిలేసిన సందులు అప్పుడు బయటపడతాయి. వాటిని సీలెంట్‌తో మూసేయండి. అడుగున కనీసం 20 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, నీటిమట్టానికి పైన బయటికి తెరుచుకునేలా పైపు వేయండి. తాడు చుట్టలు ఆ రంధ్రం మీద కూర్చోకుండా చిన్న జాలీ బిగించండి. ఇంత పని చేసే వీలు లేకపోతే ట్యాంకును కాక్‌పిట్‌లోనే, అంటే పడవ నడిపేవాళ్లు కూర్చునే పైకప్పు లేని చోటే, నీడన ఉంచి పట్టీతో కట్టేయడం మేలు. చూడ్డానికి బాగుండదు, అంతే.

అపోహ: ట్యాంకు నిండుగా ఉంటే ఆవిరికి చోటుండదు, కాబట్టి మూతదాకా నింపాలి.

వాస్తవం: డీజిల్ ట్యాంకును దాదాపు నింపి ఉంచమనడానికి కారణం ఉంది. ఖాళీ ఎక్కువైతే చెమ్మ పట్టి అడుగున నీళ్లు చేరతాయి. ఆ సలహాను పెట్రోలుకు తగిలించకూడదు. పది డిగ్రీల వేడి పెరిగితే పెట్రోలు సుమారు ఒక శాతం పొంగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర నింపిన 25 లీటర్లు, రోహిణి కార్తె ఎండలో డెక్ మీద 55 డిగ్రీలకు చేరితే ముప్పావు లీటరు దాకా ఎక్కువవుతాయి. ఆ ముప్పావు లీటరు ఎక్కడికి పోవాలి? వెంట్ తెరిచి ఉంటే బయటికి. మూసి ఉంటే ట్యాంకు ఉబ్బి, హోసు గుండా ఇంజను వైపు తోసి, కార్బ్యురేటరు నుంచి పొంగిపోతుంది. 25 లీటర్ల ట్యాంకులో 22 దగ్గర ఆపండి. ఇంజను ఆపేశాక హోసును ట్యాంకు దగ్గరే ఊడదీసి, వెంట్ మూయండి. మళ్లీ తగిలించే ముందు వెంట్ తిప్పి ఒత్తిడి వదలండి.

నింపడం పడవలో వద్దు. ట్యాంకును జెట్టీ మీదో బంకులో నేల మీదో పెట్టి, నాజిల్ ట్యాంకు అంచును తాకుతుండగా నింపాలి. కారు డిక్కీలో, ప్లాస్టిక్ షీటు మీద పెట్టి నింపితే స్టాటిక్ కరెంటు నేలలోకి పోయే దారి ఉండదు.

అపోహ: అదనపు పెట్రోలుకు వాటర్ క్యాన్ అయినా, నూనె క్యాన్ అయినా ఒకటే.

వాస్తవం: 1934 నాటి పెట్రోలియం చట్టం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోనిస్తుంది. బిగుతైన మూత ఉన్న లోహపు పాత్రలో, ఒక్కొక్కటి 25 లీటర్లు మించకుండా ఉండాలని షరతు. గాజు, పింగాణీ పాత్రలైతే ఒక్క లీటరే. ప్లాస్టిక్ నూనె క్యాన్ ఆ లెక్కలోకి రాదు. చట్టం సంగతి పక్కనపెట్టినా దాని మూత ఆవిరి ఒత్తిడికి ఆగదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు హోసులను మెత్తబరుస్తుంది, గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. హోసును వంచి చూడండి. చిన్న పగుళ్లు కనిపించినా, నొక్కితే జిగురుగా తగిలినా మార్చేయాలి.

అపోహ: ట్యాంకు పక్క జాగా ఖాళీగానే ఉందిగా, సామాను సర్దేయొచ్చు.

వాస్తవం: ఏ సామాను అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫైబర్ పడవ మరమ్మతుకు చెన్నై ప్యారీస్ కార్నర్ బజారులో రెజిన్ (గట్టిపడే జిగురు) కొంటే దాంతోపాటు కోబాల్టు, హార్డెనరు సీసాలు చేతికిస్తారు. ఆ హార్డెనరు పెరాక్సైడు. కోబాల్టుతో నేరుగా కలిస్తే భగ్గుమంటుంది, పేలనూ పేలొచ్చు. రెండు సీసాలూ ఒకే కవరులో, అదీ పెట్రోలు ట్యాంకు పక్కన ఉండటం మామూలుగా కనిపించే దృశ్యం. అవి పడవలో ఉండనే కూడదు. పని ఉన్న రోజు తెచ్చుకుని, మిగిలింది ఇంటికి పట్టుకెళ్లండి.

చెక్కకు అవిసె నూనె పూసిన గుడ్డలు కుప్పగా వదిలేస్తే ఎవరూ నిప్పు పెట్టకుండానే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఒడ్డున పారేయాలి. నాచు కడగడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడరు నూనె, పెట్రోలు తగిలితే వేడి పుట్టించి మండిస్తుంది. దానికి వేరే లాకరు ఇవ్వండి.

బ్యాటరీ ఆ పక్కనే ఉంటే, చార్జింగులో వచ్చే హైడ్రోజన్ ఒక సమస్య, టెర్మినళ్ల మీద స్పానరు పడి వచ్చే నిప్పురవ్వ ఇంకో సమస్య. బ్యాటరీకి గాలాడే మూత పెట్టె వేసి, పడవ అవతలి పక్కన బిగించండి. ఫ్లేర్లు (ఆపదలో సంకేతంగా వెలిగించేవి), స్ప్రే డబ్బాలు కూడా అటే.

అల్యూమినియం ట్యాంకు అయితే ఇంకో పేచీ ఉంది. ఉప్పునీటితో తడిసిన తాడు చుట్ట, ఇత్తడి షాకిల్ (తాళ్లు, గొలుసులు తగిలించే కొక్కెం) ట్యాంకు మీద పడి ఉంటే, ఆ చోట లోహం గుంటలు పడి తినుకుపోతుంది. పైనుంచి తెల్లటి పొడి మాత్రమే కనిపిస్తుంది, తాడు ఎత్తి గోరుతో గీకితే కింద గుంట తెలుస్తుంది. లంగరు గొలుసు హోసుకు రాసుకోవడమూ ఇంతే, అరిగేది కంటికి కనపడని అడుగు వైపునే. ట్యాంకు కదలకుండా లైఫ్‌జాకెట్లు కుక్కేవాళ్లూ ఉన్నారు. పెట్రోలు పీల్చిన జాకెట్‌ను ఇక నమ్మకూడదు.

అపోహ: డీజిల్ అగ్గిపుల్లకు కూడా అంటుకోదు.

వాస్తవం: మన దేశంలో బంకు డీజిల్‌కు ఫ్లాష్ పాయింటు, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. మే నెలలో చెన్నైలో బయటే అంతకన్నా వేడి, ఇంజను గదిలో చెప్పక్కర్లేదు. డీజిల్ పీల్చిన గుడ్డ ఒత్తిలాగా మండుతుంది.

అపోహ: లీకైతే వాసన వస్తుంది కదా.

వాస్తవం: కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. పడవ ఎక్కగానే, బ్యాటరీ స్విచ్ తిప్పకముందే అడుగు పలక ఎత్తి, వంగి బిల్జి దగ్గర వాసన చూడండి. లోపల పెట్రోలు ఇంజను ఉన్నవాళ్లు స్టార్టు చేసే ముందు ఆవిరిని బయటికి లాగే ఫ్యాను, బ్లోయరును, నాలుగు నిమిషాలు నడపాలి. దాని హోసు చివర బిల్జి అడుగు దగ్గర, మామూలుగా నిలిచే నీళ్లకు పైన ఉండాలి. వాసన వస్తే బ్లోయరు సహా ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, వేయడమే కాదు, ఆపడమూ వద్దు. పలకలన్నీ తెరిచి, అందరినీ దించేయండి.

అపోహ: మంటలార్పే సిలిండరు ట్యాంకు పక్కనే ఉంటే వెంటనే అందుతుంది.

వాస్తవం: మంట మొదలయ్యేదే అక్కడ. ఏబీసీ పౌడరు (చెక్క, నూనె, గ్యాసు మంటలకు పనికొచ్చేది) సిలిండరును క్యాబిన్ గుమ్మం దగ్గర, కాక్‌పిట్ నుంచి చేయి చాపితే అందేలా తగిలించండి. ఇంజను పెట్టెకు మూత పూర్తిగా ఎత్తకుండా నాజిల్ దూర్చేంత రంధ్రం ముందే చేసి ఉంచుకోవాలి. మూత ఎత్తితే లోపలి మంటకు గాలి దొరుకుతుంది.