గంట వినబడింది, గేటు కనబడలేదు

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక చిన్నది అడిగింది: "ఇడ్లీ తెచ్చిన అన్న బండి మ్యాప్‌లో మా ఇంటి మీదే ఉంది. అన్నేమో వెనక గోడ అవతల వానలో నిలబడి ఫోన్ చేస్తున్నాడు. ఎందుకట్లా?"

మంచి ప్రశ్న. ఫోన్ తానున్న చోటు ఎలా కనుక్కుంటుందో తెలియాలంటే ముందు గుడి గంటల సంగతి చెప్పాలి.

ఒక ఊళ్లో మూడు గుళ్లు. పొద్దున సరిగ్గా ఆరింటికి మూడింట్లోనూ గంట కొడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రామాలయం గంట మీకు రెండు సెకన్లు ఆలస్యంగా వినబడితే, మీరు గుడికి 680 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఎటు వైపో తెలీదు. గుడి చుట్టూ అంత దూరంలో ముగ్గుతో ఒక సున్నా చుట్టండి, దాని మీద ఎక్కడో ఉన్నారు. శివాలయానికి ఇంకో సున్నా. రెండు సున్నాలూ రెండు చోట్ల కలుస్తాయి. ఆ రెండింట్లో మీరున్నది ఏదో మూడో గుడి తేలుస్తుంది.

ఫోన్‌కు చోటు చెప్పే జీపీఎస్ ఉపగ్రహాలు ఆ గుళ్లే, 20,200 కిలోమీటర్ల ఎత్తున. గంటకు బదులు రేడియో సంకేతం. అది సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి సెకనులో పదిహేనో వంతుకల్లా మనల్ని చేరుతుంది. లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే చాలు, 300 మీటర్లు పక్కకు పోతాం. ఉపగ్రహంలో చాలా కచ్చితమైన పరమాణు గడియారం ఉంటుంది, ఫోన్‌లో ఉండదు. ఫోన్ గడియారం తప్పు ఎంతో పట్టుకోవడానికి నాలుగో గుడి కావాలి.

ఏ గుడి ఎక్కడుందో ముందే తెలియాలి కదా! అందుకు ఉపగ్రహాలు గంటతో పాటు పంచాంగం కూడా చదువుతాయి. చాలా నెమ్మదిగా చదువుతాయి, మొత్తం వినాలంటే పన్నెండున్నర నిమిషాలు. మన ఫోన్ ఆ వివరాలను మొబైల్ నెట్‌వర్క్ నుంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది. డేటా ఆపేస్తే ఒక్కోసారి మ్యాప్‌లో మన చోటు చూపే చుక్క ఆలస్యంగా పడేది అందుకే.

ఈ జీపీఎస్ గుళ్లు అమెరికావి. 2000 మే దాకా అమెరికా ఈ గంటను మామూలు జనానికి కావాలనే కాస్త తప్పుగా వినిపించేది, 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు ఆరుబయట ఫోన్‌కి సుమారు 5 మీటర్లే తేడా. మన దేశానికి సొంతంగా నావిక్ అనే ఉపగ్రహాల గుళ్లు వేరే ఉన్నాయి. వాటిని శ్రీహరికోట నుంచి పంపారు, వాటి కేంద్రం బెంగళూరు పక్కనే బ్యాలాళులో ఉంది.

మరి తప్పెక్కడ? ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య గంట గోడకు కొట్టుకుని చుట్టు తిరిగి వస్తుంది. ఫోన్ దాన్ని నమ్మి గుడి ఇంకా దూరమనుకుంటుంది, చుక్క పక్క సందులోకి గెంతుతుంది. ఫ్లైఓవర్ దగ్గర ఇంకో చిక్కు. గుళ్లన్నీ తల పైనే, కాళ్ల కింద ఒక్కటీ లేదు. అందుకే ఎత్తు లెక్క బాగా కుదరదు. హోసూరు రోడ్డులో బండి పైన ఉందో కింద ఉందో ఫోన్ తికమక పడుతుంది.

కానీ మీ ఇంటి దగ్గర గంట తప్పు వినబడలేదు. మ్యాప్‌లో మీ చిరునామాకు గుచ్చిన పిన్ మీ బ్లాక్ నడిమధ్య ఉంది. యాప్ దానికి దగ్గరగా ఉన్న రోడ్డు వెతికింది. అది వెనక సందు. మధ్యలో ఎనిమిదడుగుల కాంపౌండ్ గోడ ఉందని మ్యాప్‌కు తెలీదు.

మా చిన్నప్పుడు పోస్ట్‌మ్యాన్‌కు ప్రతి గోడా తెలుసు. చిరునామాలో నాన్న పేరూ, "వేపచెట్టు ఎదురుగా" అన్న మాటా ఉంటే ఉత్తరం చేరేది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. బెంగళూరుది 560తో మొదలవుతుంది. అది పోస్టాఫీసు దాకా తెస్తుంది, గుమ్మం దాకా కాదు. 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దేశం మీద పెద్ద చదరం గీసి పదహారు గళ్లు చేస్తారు, ఒక్కో గడినీ మళ్లీ పదహారు చేస్తారు. అలా పదిసార్లు చేస్తే గడి సుమారు 4 మీటర్లకు దిగుతుంది. ఒక్కోసారికి ఒక అక్షరం లేదా అంకె, మొత్తం పది. ఒక్క వాకిలి! ప్రతి లేఔట్‌లోనూ ఫస్ట్ క్రాస్ అనే అడ్డవీధి ఒకటి ఉండే బెంగళూరుకు అది వరమే.

బండి బొమ్మ సంగతీ చెప్పాలి. అన్న ఫోన్ కొన్ని సెకన్లకోసారి తానున్న చోటు పంపుతుంది. మధ్యలో బొమ్మను జరిపేది యాప్. సిగ్నల్ పోతే బొమ్మ పాత చోటే ఆగుతుంది, అన్న మాత్రం తడుస్తూ తిరుగుతూనే ఉంటాడు. అప్పుడు విసుక్కోకండి. గొడుగేసుకుని గేటు దాకా వెళ్లండి.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. మెయిన్ గేటు బయట, ఆకాశం కనబడే చోట ఒక నిమిషం నిలబడి మ్యాప్ తెరవండి. చుక్క చుట్టూ లేత నీలం వలయం ఉంటుంది, ఫోన్‌కు ఎంత అనుమానం ఉంటే అది అంత పెద్దది. అది చిన్నదయ్యాక డెలివరీ యాప్‌లో పిన్‌ను గేటు మీదికి లాగి సేవ్ చేయండి. కింద "నల్ల గేటు, ఎదురుగా కొబ్బరిబొండాల బండి" అని రాయండి. ఆ తర్వాత లిఫ్టెక్కి తలుపు మూసుకున్నాక మళ్లీ చూడండి. వలయం ఎంత ఉబ్బిందో నాకు రాయండి.

మీ తాతయ్య