అల్జీబ్రా మార్కు మీద సంతకం ఎవరిది?

టెక్సస్‌లో హోమ్‌స్కూల్ పిల్లల ఆటల గొడవ మళ్లీ రాజుకుంది. ఇంట్లోనే చదువుకునే పిల్లాడు పక్క వీధిలోని ప్రభుత్వ హైస్కూలు జట్టుకు ఆడొచ్చా అంటే, 2021 దాకా ఆ రాష్ట్రం ఇచ్చిన జవాబు ఒక్కటే: కుదరదు. ఆ ఏడు హెచ్‌బీ 547 అనే చట్టం వచ్చి, ఇష్టమున్న స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు) ఆడనివ్వొచ్చని తలుపు ఓరగా తీసింది. 2025లో ఎస్‌బీ 401 వచ్చి లెక్కను తిరగేసింది. ఇప్పుడు అనుమతి ఉన్నట్టే. వద్దనుకున్న డిస్ట్రిక్టే బోర్డు మీటింగు పెట్టి, ఓటేసి వద్దనాలి. అలా వద్దంటే పిల్లాడు దగ్గర్లో ఒప్పుకున్న మరో డిస్ట్రిక్టుకు ఆడొచ్చు. ఇంతకాలం ఊరుకుంటే సరిపోయిన బోర్డు సభ్యులు ఇప్పుడు చెయ్యెత్తి తమ పక్షమేదో చెప్పాల్సి వస్తోంది. మైకు ముందు ఒకవైపు హోమ్‌స్కూల్ తల్లులు, మరోవైపు కోచ్‌లు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉన్న మనవాళ్లకు కూడా ఇది దూరపు సంగతి కాదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ఫ్లోరిడాలో ఇంట్లో చదివి, స్కూలు జట్టుకు ఆడి, 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్న టిమ్ టీబో కథ అందరికీ తెలిసిందే. ఈ బిల్లులకు జనం అతని పేరే పెట్టుకున్నారు. కానీ ఆ కథతో మొదలుపెడితే టెక్సస్ కోచ్‌ల మొండిపట్టు అర్థం కాదు. దానికి 1984కి వెళ్లాలి.

ఆ ఏడాది గవర్నర్ మార్క్ వైట్, డాలస్ కోటీశ్వరుడు రాస్ పెరో కలిసి చదువుల సంస్కరణ తలకెత్తుకున్నారు. బడి అంటే శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ తప్ప ఇంకేమీ లేదన్నట్టు తయారైందని పెరో మొహం మీదే అనేవాడు. అలా వచ్చిన హెచ్‌బీ 72లో ఒక చిన్న నిబంధన రాష్ట్రాన్ని కుదిపేసింది. ఏ ఒక్క సబ్జెక్టులో 70 కంటే తగ్గినా ఆరు వారాలు ఆట బంద్. 'నో పాస్, నో ప్లే' అన్నది దాని వాడుక పేరు. 1986 ఎన్నికల్లో వైట్ ఓడిపోవడానికి కోచ్‌ల కోపం కూడా ఒక కారణమని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఆరు వారాలు మూడుకు తగ్గింది 1995లో.

తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1985 జూలైలో స్టామోస్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చిన మాట ఒక్కటే: స్కూలు జట్టులో ఆడటం విద్యార్థి ప్రాథమిక హక్కు కాదు. అంతకు మూడేళ్ల ముందే, 1982లో, ఇదే టెక్సస్ నుంచి వెళ్లిన ప్లైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కాగితాల్లేని వలస కుటుంబాల పిల్లలను కూడా ప్రభుత్వ బడి కాదనకూడదని చెప్పింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడండి. తరగతి గదిలోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మైదానంలోకి దిగాలంటే మాత్రం సంపాదించుకోవాలి. ఆ సంపాదనకు కొలత టీచరు వేసే మార్కు. నా లెక్కన ఇవాళ్టి గొడవంతా ఆ మార్కు దగ్గరే పుట్టింది.

ఆ మార్కు ఎంత బరువో 1988లో డాలస్ కార్టర్ హైస్కూలు చూపించింది. ఆ జట్టుకు ఆ సీజన్లో ఎదురు లేదు. మధ్యలో ఒక ఆటగాడి అల్జీబ్రా మార్కు మీద పేచీ వచ్చింది. ఆ ఆరు వారాల సగటు 70 దాటిందా లేదా? టీచరు లెక్క ఒకటి, స్కూలు పెద్దల లెక్క ఇంకొకటి. రాష్ట్ర విద్యాశాఖ దిగింది, లాయర్లు దిగారు. వారం వారం కోర్టులో ఏం తేలుతుందో చూసుకుని జట్టు మ్యాచ్‌కు బస్సెక్కే పరిస్థితి. కోర్టు ఉత్తర్వుల అండతోనే ఆడుతూ పోయి, ఫైనల్లో కన్వర్స్ జడ్సన్ హైస్కూలును ఓడించి కార్టర్ రాష్ట్ర టైటిల్ గెలిచింది. 1991లో ఆ టైటిల్ లాగేసుకుని జడ్సన్‌కు ఇచ్చారు. మన దగ్గర స్కూల్ గేమ్స్ సెలెక్షన్లలో వయసు సర్టిఫికెట్ చుట్టూ నడిచే రభస తెలుసుగా, అక్కడ అది అల్జీబ్రా పేపరు చుట్టూ నడిచింది.

ఇక ఇంటి చదువు సంగతి. టెక్సస్ సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో హోమ్‌స్కూలు కూడా ప్రైవేటు బడితో సమానమేనంది. రిజిస్ట్రేషన్ లేదు, ప్రభుత్వ పరీక్ష లేదు, ఏం చెప్తున్నారో ఇంటికొచ్చి తనిఖీ చేసేవాడు లేడు. ఆ స్వేచ్ఛ కోసం తల్లిదండ్రులు దాదాపు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. అందుకే ఆటల బిల్లును హోమ్‌స్కూల్ వాళ్లంతా నెత్తిన పెట్టుకోలేదు. జట్టులో చోటిచ్చి, ఆ వెనకే ఇంట్లోకి ఇన్‌స్పెక్టర్‌ను పంపుతారేమోనన్న భయం వాళ్లలో కొందరికి ఇప్పటికీ ఉంది.

2021 చట్టం ఈ రెండు చరిత్రలనూ ఒకే కాగితం మీద అతికించింది. పిల్లాడు తన గ్రేడు స్థాయిలో ఉన్నాడని చూపించడానికి జాతీయ స్థాయి గుర్తింపున్న ఒక పరీక్ష. ఆ తర్వాత, స్కూలు గ్రేడింగ్ క్యాలెండర్ ప్రకారం ఎప్పటికప్పుడు, అన్ని సబ్జెక్టుల్లో పాసవుతున్నాడని రాతపూర్వక ధ్రువీకరణ. ఇచ్చేదెవరు? చదువు చెప్పేవాళ్లు. అంటే చాలా ఇళ్లలో అమ్మే.

ఇక్కడే కోచ్‌లు ఒళ్లు మండి మాట్లాడతారు. వాళ్ల అసోసియేషన్ ఏళ్ల తరబడి ఈ బిల్లులను అడ్డుకుంటూ వచ్చింది. వాళ్ల మాట కాస్త వినండి. లైన్‌లో ఇద్దరు కుర్రాళ్లు పక్కపక్కనే నిలబడతారు. ఒకడికి కెమిస్ట్రీలో 69. టీచరు ఆ ఒక్క మార్కు కలపలేదు, కలిపితే ఏమవుతుందో కార్టర్ కథ విన్నవాళ్లందరికీ తెలుసు. వాడు మూడు వారాలు బెంచి కూడా ఎక్కకుండా స్టాండ్స్‌లో కూర్చుంటాడు. రెండోవాడి కాగితం మీద అమ్మ సంతకం ఉంది. ఆమె అబద్ధం రాసిందని ఎవరూ అనడం లేదు. కానీ ఒక టీచరు మార్కును ప్రిన్సిపాల్ నుంచి రాష్ట్ర కమిషనర్ దాకా తవ్వి చూసిన వ్యవస్థ, ఈ కాగితాన్ని మాత్రం చూసి ఫైల్లో పెట్టుకోవాలి. పొద్దున్నే ఏడింటికి బస్సెక్కి, హాజరు నిలబెట్టుకుని, నచ్చని టీచరును కూడా భరించి జట్టులో చోటు తెచ్చుకున్న పిల్లాడికి ఇదెలా వివరించాలన్నది వాళ్ల ప్రశ్న. జట్టు చోట్లు లెక్క ప్రకారమే ఉంటాయి. ఒకరు వస్తే ఒకరు పోతారు.

అవతలి వాదన కూడా తేలికైనదేం కాదు. స్కూలు ప్రాపర్టీ ట్యాక్సు హోమ్‌స్కూల్ ఇంటివాళ్లు కూడా కడుతున్నారు. ఫెయిలైన పిల్లాణ్ని బడి మాన్పించి ఇంట్లో చదువుతున్నాడని జట్టులోకి తిరిగి దించే దొంగదారిని కూడా 2021 చట్టమే మూసింది: ప్రభుత్వ బడిలో చదివిన ఏడాది మిగతా రోజులన్నీ అలాంటివాడికి ఆట లేదు.

మార్కు తర్వాత రెండో అనుమానం చిరునామా మీద. ఇది ఎక్కువగా తగిలేది బయటి నుంచి వచ్చిన పిల్లలకు. ఒకప్పుడు స్కూలు మారిన ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాడెవడైనా ఏడాదిపాటు ఆగాల్సిందేనని యూఐఎల్ అనేది. టెక్సస్‌లో స్కూలు పోటీలన్నీ నడిపే సంస్థ ఇది. వెర్మాంట్ నుంచి కుటుంబంతో ఆస్టిన్‌కు వచ్చిన ఒక బాస్కెట్‌బాల్ కుర్రాడి కేసులో, 1981లో, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. ఇల్లు మారిన ప్రతివాడూ ఆట కోసమే మారాడని ఎలా అనుకుంటారంది. నియమం పోయింది, అనుమానం పోలేదు. ఇప్పుడది ఒక ఫారం రూపంలో ఉంది.

విదేశీ విద్యార్థుల దారి ఇంకా ఇరుకు. ఎఫ్-1 వీసా పిల్లలు ప్రభుత్వ హైస్కూల్లో పన్నెండు నెలలకు మించి చదవకూడదని, ఆ ఖర్చంతా తామే కట్టుకోవాలని 1996 వలస చట్టం అంది. అందుకే నాలుగేళ్లు ఉండాలనుకునేవాళ్లు ప్రైవేటు బడులకు, వాటి సొంత లీగులకు పోతారు. జె-1 ఎక్స్చేంజి మీద ఏడాదికి వచ్చేవాళ్లు ఆతిథ్య కుటుంబం ఇంట్లో ఉంటారు. తల్లిదండ్రులు అక్కడ లేరు కాబట్టి వార్సిటీ, అంటే స్కూలు ప్రధాన జట్టుకు, ఆడాలంటే నివాస నియమం నుంచి మినహాయింపు అడుక్కోవాలి.

ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద అమ్మానాన్నలతో ఉన్న మన పిల్లలకు ఈ బాధ లేదు. చిక్కంతా మన అలవాటుతోనే. నాన్నకు డాలస్ నుంచి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు పడుతుంది. మంచి స్కూలు వదులుకోవడం ఎందుకని పిల్లాణ్ని అదే ఏరియాలో బాబాయి ఇంట్లో ఉంచుతారు. మనకు బాబాయి ఇల్లంటే సొంతిల్లే. యూఐఎల్ లెక్కలో పిల్లాడి ఇల్లంటే తల్లిదండ్రులుండే ఇల్లు. వాళ్లు అక్కడ లేకపోతే వార్సిటీకి ఆడాలంటే మామూలుగా ఆ స్కూల్లో ఏడాది పూర్తయి ఉండాలి. ఇంకో గడియారం కూడా ఉంది: తొమ్మిదో గ్రేడులో మొదట చేరినప్పటి నుంచి నాలుగేళ్లే అర్హత. హైదరాబాద్‌లో తొమ్మిది చదివి వెళ్లినవాళ్లు ఆ గడియారం ఎప్పుడు మొదలైందో స్కూల్లో ముందే తేల్చుకోవడం మంచిది.

ఇంతకు ముందు వేరే బడికి ఆడి వచ్చిన పిల్లాడైతే ఇందాక చెప్పిన ఆ ఫారం నింపాలి. పాత స్కూలు వాళ్లను కూడా అందులో అడుగుతారు: ఈ పిల్లాడు ఆట కోసం స్కూలు మారాడా? అవునని తేలితే కనీసం ఏడాది పోయినట్టే. అది తేల్చేది డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ. ఆ కమిటీలో కూర్చునేది అదే పోటీ గుంపులోని స్కూళ్ల సూపరింటెండెంట్లు, లేదా వాళ్లు పంపిన మనుషులు. అంటే పిల్లాడి అర్హత మీద ఓటేసేది వచ్చే శుక్రవారం వాడి జట్టుతో తలపడబోయే బడివాళ్లే.